రెండు ఇస్పేట్లు అంటే?
విశాఖ ఎంవీపీ కాలనీలో నిన్న బ్రిడ్జి పేకాట. నా జోడీ బాబాయి. వేలంలో ఆయన 1 నో ట్రంప్ (తురుఫు లేని ఆట) అన్నారు, మా లెక్కలో పెద్ద ముక్కలకి 15 నుంచి 17 పాయింట్లు ఉన్నట్టు. నాకు 8 పాయింట్లు, ఐదు ఇస్పేట్లు, నాలుగు ఆటీన్లు. 2 ఆటీన్లు అని ట్రాన్స్‌ఫర్ (ఒక రంగు పేరు చెప్పి పై రంగు ఉందని తెలపడం) చేస్తే ఇస్పేట్ల సంగతి తెలుస్తుంది గానీ ఆటీన్లు మరుగున పడతాయి. అందుకే స్టేమన్, అంటే నాలుగు ముక్కల మేజర్ (ఇస్పేట్లు లేదా ఆటీన్లు) ఉందా అని అడిగే 2 కళావర్లు. ఆయన 2 డైమన్లు అన్నారు, అంటే నాలుగు ముక్కల మేజర్ లేదు.

అప్పుడు నేను 2 ఇస్పేట్లు అన్నా. కొన్ని జోడీలకి అది ‘ఇక ఆపేయ్’. మాకు ‘బలముంటే గేమ్‌కి పద’, అంటే బోనస్ వచ్చే 4 ఇస్పేట్లకి. ముందే మాట్లాడుకున్నాం, టెన్షన్ లేదు. ఎదుటివాళ్లు అడిగితే ఆ అర్థం చెప్పి తీరాలి. కనుసైగలతో పేకాడే మావయ్యకి ఈ రూలే మింగుడుపడదు!

బాబాయికి 17, ఇస్పేట్లు మూడు. తడుముకోకుండా 4 ఇస్పేట్లు అనేశారు. దానికి కావాల్సిన పది ట్రిక్కులూ (పట్లు) వచ్చాయి.