పాత పిల్లల పుస్తకం, ఆన్‌లైన్ వేలం, 17 రోజుల టెన్షన్: నా అనుభవం

నా అమ్మకాల ఖాతా మీద పెట్టిన ఆంక్ష నిన్న సాయంత్రం ఎత్తేశారు. మనసులో వేడి ఇంకా చల్లారలేదు. మర్చిపోకముందే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఖాతా తెరవడం, బ్యాంకు వివరాలు ఇవ్వడం పది నిమిషాల పని. అక్కడ ఎవరికీ ఇబ్బంది రాదు.

కొనడం నాకు బాగా అబ్బిన విద్య, ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. మనం ఎంతవరకు పెట్టగలమో ఆ మొత్తం ముందే రాసేస్తే, అవతలివాళ్లు పెంచినప్పుడల్లా సైటే మన తరఫున కొంచెం కొంచెం పెంచుతూ పోతుంది. చివరి పది సెకన్లలో వచ్చిపడే వాళ్లుంటారు. వాళ్లతో పంతానికి దిగితే డబ్బు పోతుంది. నేను అంకె రాసేసి ఆ పేజీ మూసేస్తాను. మూడేళ్లలో నలభైకి పైగా పుస్తకాలు కొన్నాను, అనుకున్నదాని మీద ఒక్క పైసా ఎక్కువ పెట్టింది లేదు.

కొనేవాళ్లకు ఒక్క సంగతి. పాత పుస్తకాల వ్యాపారంలో 'గుడ్' అంటే మంచి స్థితి అని కాదు. ఫైన్, నియర్ ఫైన్, వెరీ గుడ్ దాటాక వచ్చే మెట్టు అది. పేజీలన్నీ ఉన్నాయి గానీ పుస్తకం బాగా నలిగింది అని అర్థం. పిల్లల పుస్తకమైతే క్రేయాన్ గీతలు, చిరిగిన మూలలు, మొదటి పేజీలో ఎవరిదో పేరు ఉండొచ్చు. అడగందే చెప్పని అమ్మకందారులే ఎక్కువ. లోపలి పేజీల ఫోటోలు అడగండి. పంపనివాళ్ల దగ్గర కొనకండి.

ఇక అమ్మకం సంగతి. వేరే పుస్తకం కోసం ఆరు బొమ్మల పుస్తకాల కట్ట ఒకటి పాడాను. అందులో అమెరికా రచయిత మారిస్ సెండాక్ పిల్లల బొమ్మల పుస్తకం 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' వచ్చింది. డస్ట్ జాకెట్, అంటే అట్ట మీద తొడిగే విడి కాగితం, కూడా ఉంది. కాపీరైట్ పేజీ తిప్పితే 1963 అని ఉంది, ఇంకే సంవత్సరమూ లేదు. ఆ పుస్తకం తొలిసారి వచ్చింది 1963లోనే. కట్ట అమ్మినాయన '1963' అని మాత్రమే రాసి ఊరుకున్నాడు. 'ఫస్ట్ ఎడిషన్', అంటే మొట్టమొదటి ముద్రణ, అనే మాట చేర్చింది నేను. కట్ట మొత్తానికి పెట్టినదానికి నాలుగు రెట్లకు ఆ ఒక్క పుస్తకం పోయింది. డబ్బు ఆ రోజే కట్టారు. రెండు అట్టముక్కల మధ్య పెట్టి, మూలలకు దన్ను ఇచ్చి, గట్టి పెట్టెలో పంపాను.

చేరిన రోజు రాత్రి మెసేజ్ వచ్చింది. "కాపీరైట్ పేజీలో 1963 ఉందండీ, నిజమే. కానీ జాకెట్ మీద కాల్డెకాట్ పతకం ఉంది కదా. అది ఈ పుస్తకానికి ఇచ్చింది 1964లో. మరి ఇది ఫస్ట్ ఎడిషన్ ఎలా అవుతుంది?"

నేను పెట్టిన ఫోటో నేనే తెరిచి చూశాను. బంగారు రంగు పతకం బొమ్మ జాకెట్ మీద స్పష్టంగా ఉంది. కాల్డెకాట్ అంటే అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకు ఇచ్చే బహుమతి. పుస్తకం వచ్చాక మరుసటి ఏడు ఇచ్చిన బహుమతి, మొట్టమొదటి ప్రతుల జాకెట్ మీద ఉండే వీలే లేదు. ఒళ్లు చల్లబడింది. ఇలాంటి తేడాలు పదిమందికి విడమరిచి చెప్పిన మనిషిని నేను. పుస్తకాల మీద సంవత్సరాన్ని గుడ్డిగా నమ్మొద్దని ఎన్నిసార్లు చెప్పానో! 1865లో అచ్చయిన లూయిస్ కారల్ 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' ప్రతులను, ముద్రణ బాగా లేదని బొమ్మలు గీసిన టెనియల్ అనడంతో వెనక్కి తీసుకున్నారు. మళ్లీ అచ్చు వేసింది ఆ ఏడాది చివర్లోనే బయటికొచ్చినా దాని మీద 1866 అని ఉంటుంది. ఇదంతా తెలిసి కూడా, నా చేతిలో ఉన్న జాకెట్‌ను నేను సరిగ్గా చూసుకోలేదు.

వెంటనే తప్పు ఒప్పుకోవాల్సింది. ఒప్పుకోకుండా "కాపీరైట్ పేజీ చూడండి" అని వాదించాను. ఆయనకు కోపం వచ్చి సైటులో ఫిర్యాదు పెట్టారు. కారణాల జాబితాలో 'నకిలీ వస్తువు' అన్నది ఎంచుకున్నారు.

అసలు నరకం అక్కడ మొదలైంది. నా పుస్తకం నకిలీ కాదు. అసలైన ప్రచురణకర్త వేసిన అసలైన పుస్తకమే, కాకపోతే తర్వాతి ముద్రణ. డబ్బు మొత్తం వాపసు ఇస్తానని చెబుదామంటే ఆ పేజీలో రెండే బటన్లు: ఫిర్యాదును అంగీకరిస్తున్నాను, అంగీకరించడం లేదు. మొదటిది నొక్కితే నకిలీ అమ్మినట్టు నా ఖాతాలో రాసుకుంటారు. రెండోది నొక్కితే వాపసు ఇవ్వనని మొండికేసినట్టు. డబ్బు ఇస్తాను, నింద మాత్రం ఒప్పుకోను అని చెప్పుకోవడానికి చోటే లేదు.

సహాయ విభాగానికి ఐదుసార్లు రాశాను. ఐదుసార్లూ అక్షరం తేడా లేకుండా ఒకే జవాబు. ఆరోసారి చాట్‌లో దొరికిన మనిషి, ముద్రణకూ నకిలీకీ తేడా చెబుతుంటే, "మీరు నకిలీ అమ్మారా లేదా, అవునో కాదో చెప్పండి" అన్నారు. జన్మలో నన్ను ఎవరూ అలా నిలదీయలేదు. ఈలోగా డబ్బు ఆపేశారు. అమ్మకానికి పెట్టిన మిగతా 11 పుస్తకాలు ఎవరికీ కనిపించకుండా చేశారు. అందులో ఒకదానికి అప్పటికే బిడ్లు నడుస్తున్నాయి. మనిషి పరువుతో పని ఉన్న చోట మాట వినే మనిషిని పెట్టాలి. పుస్తకాల గురించి ఓనమాలు తెలియనివాళ్లు పుస్తకాల తగవులు తీర్చడం అన్యాయం.

తొమ్మిదో రోజు సైటును వదిలేసి నేరుగా కొన్నాయనకే రాశాను. తప్పు నాదేనని, పతకం చూసుకోలేదని, వాదించినందుకు క్షమించమని రాశాను. గంటలో జవాబు వచ్చింది. "మీరు మొదటే ఈ మాట అనుంటే ఇంత దూరం వచ్చేది కాదండీ" అన్నారు. ఫిర్యాదులో కారణం 'వివరణలో తప్పు' అని మార్చారు. అప్పుడు మొదటి బటన్ నొక్కాను. రానుపోను పోస్టు ఖర్చులు నా మీదే పడ్డాయి, అది న్యాయమే. కానీ పుస్తకం పల్చటి కవర్లో తిరిగొచ్చింది. కింది మూల నలిగింది. దానికి మాత్రం పరిహారం లేదట, అడిగి చూశాను. మీరు పంపే ముందు నాలుగు మూలలకూ ఫోటోలు తీసి పెట్టుకోండి. వెనక్కి వచ్చింది మీ పుస్తకమేనా అన్నది తేల్చుకోవడానికి కూడా అవే ఆధారం.

'ఫస్ట్' అన్న మాట రాసే ముందు ఆ పుస్తకానికే ప్రత్యేకమైన గుర్తులు వెతకండి. కొన్నింటికి కాపీరైట్ పేజీలో అంకెల వరస ఉంటుంది. 1997లో 500 గట్టి అట్ట ప్రతులతో వచ్చిన హ్యారీ పోటర్ మొదటి పుస్తకంలో 10 నుంచి 1 దాకా అన్ని అంకెలూ ఉంటాయి. 1 లేకపోతే అది తొలి ముద్రణ కాదు. పాతవాటిలో చాలావాటికి ఆ వరసే ఉండదు. అప్పుడు జాకెట్టే సాక్షి. దాని మీద ఏ బహుమతి పేరుంది, వెనక ఏయే పుస్తకాల ప్రకటనలున్నాయి, ధర ఉన్న మూల కత్తిరించారా అన్నవి చదవాలి.

నిన్న రాత్రే ఆ పుస్తకాన్ని మళ్లీ వేలానికి పెట్టాను. 'తర్వాతి ముద్రణ, కింది మూల నలిగింది' అని శీర్షికలోనే రాశాను. మొదటి ఫోటో పతకాన్ని దగ్గరగా తీసింది. పొద్దున చూస్తే రెండు బిడ్లు ఉన్నాయి.