పెన్న పక్కనా, సముద్రం పక్కనా

బెంగళూరు, ఏప్రిల్, ఆదివారం.

నిన్న సాయంత్రం రావలసిన ట్యాంకర్ ఇవాళ పొద్దున్న ఆరున్నరకి వచ్చింది. పైపు సంపులో వేసి డ్రైవర్ గేటు దగ్గర నిలబడ్డాడు. నేను, ఈయన తెలుగులో మాట్లాడుకోవడం విని "యా ఊరక్కా మీది?" అన్నాడు. విజయనగరం అన్నాను. తనది మడకశిర దగ్గర పల్లె. మూడు బోర్లు వేశాడట, మూడూ ఎండిపోయాయట. వేరుశనగ చేను వదిలేసి వచ్చి పన్నెండేళ్లయిందట. "మా ఊర్లో నీళ్లు లేవని ఈడికొస్తి. ఈడికొచ్చి నీళ్లే తోల్తాండా" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. బెంగళూరు వదిలి వెళ్లిపోదామని మా ఆయన రెండు నెలలుగా పట్టుబట్టి చూపిస్తున్న హిందూపురం ఆ మడకశిర పక్కనే ఉంది మరి.

అసలు ఈ గోల ఇంటి ఓనరు మెసేజ్‌తో మొదలైంది. జూన్‌తో పదకొండు నెలల అగ్రిమెంట్ అయిపోతుంది, అద్దె పెంచుతానన్నాడు. ఈయన ఆఫీసుకి వెళ్లేది వారానికి రెండు రోజులే. ఇంకెందుకు ఇక్కడ, అన్నారు. అప్పట్నుంచి మా అమ్మాయి పాత నోట్‌బుక్‌లో చివరి పేజీలు మాకు రెవెన్యూ రికార్డు అయిపోయాయి. గీతలు గీసి ఒకవైపు హిందూపురం, ఒకవైపు విజయనగరం రాశారు. మధ్యలో చిన్న అక్షరాలతో మైసూరు కూడా ఉంది, ఇద్దరికీ పుట్టిల్లు కాదు కాబట్టి గొడవ ఉండదని.

ఈయనకి ఆ రాళ్లంటే ప్రాణం. కారు బాగేపల్లి దాటిందంటే చాలు, మనిషి మారిపోతారు. గుండ్లు ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చిపెట్టినట్టున్న గుట్టలు, మధ్యలో చింతచెట్లు, అడ్డం లేని ఆకాశం. "చూడు, కంటికి ఎంత దూరం ఆనుతోందో" అంటారు. నాకు ఆ దూరమే భయం. వరిచేలు, తాటిచెట్లు, గట్ల మీద బురద చూసి పెరిగినదాన్ని. పచ్చదనం లేకపోతే నోరు ఎండినట్టుంటుంది. దీన్ని నోట్‌బుక్‌లో ఏ గడిలో రాయాలో ఇద్దరికీ తెలియలేదు.

లెక్కలు మాత్రం రాశాం. ఉమ్మడి అనంతపురం జిల్లాకి ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసేస్తాయి. ఇటు బంగాళాఖాతం వైపు నుంచి వచ్చేవి అంత లోపలికి చేరేసరికి చిక్కిపోతాయి. పెన్న నంది కొండల దగ్గర పుట్టి హిందూపురం పక్కనుంచే పోతుంది. పోతుందంటే, ఇసుక పోతుంది. శ్రీశైలం నుంచి ఎత్తిపోసే హంద్రీ-నీవా నీళ్లు గొల్లపల్లి రిజర్వాయర్ దాకా వచ్చాయి కదా, మునుపటి కరువు ఇప్పుడెక్కడుంది అని ఈయన వాదన. విజయనగరంలో వాన వెయ్యి దాటుతుంది. ఆ మాట నేను గొప్పగా అంటే "మరి 2014 హుద్‌హుద్ అప్పుడు మీ అమ్మ ఎన్ని రాత్రులు కరెంటు లేకుండా కూర్చుంది?" అన్నారు. నిజమే. పెరట్లో కొబ్బరిచెట్లు మూడు పడిపోయాయి. నీళ్లు తోడడానికి మోటారు లేక పాత బావికి మళ్లీ చేద కట్టుకుంది.

బెంగళూరు ఏమన్నా తక్కువదా అంటే, ఇదీ నది లేని ఊరే. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన కూర్చుని, సుమారు వంద కిలోమీటర్ల అవతలి కావేరిని అంతెత్తుకి పంపుల మీద రప్పించుకుంటుంది. పాతకాలం వాళ్లు చెరువుకి చెరువు కలుపుతూ రాజకాలువలు తవ్వారు. వాటి మీద మనం లేఅవుట్లు వేసుకున్నాం. అందుకే మా వీధిలో వానాకాలం మోకాలు లోతు నీళ్లు, వేసవిలో ట్యాంకర్. 2024 వేసవిలో అయితే ట్యాంకర్ వాడికి ఫోన్ చేసి బతిమాలుకున్నాం, వచ్చాక కాఫీ ఇచ్చాం.

సాయంత్రం ముగ్గురం కైకొండ్రహళ్లి చెరువు దగ్గరికి నడిచాం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. కట్ట మీద నడుస్తూ అడిగింది, "అక్కడికి వెళితే నేను తెలుగు పరీక్ష రాయాలా?" దాని ద్వితీయ భాష కన్నడం. ఇంట్లో గడగడా తెలుగు మాట్లాడుతుంది. చదవమంటే మాత్రం కన్నడం గుర్తుచేసుకుంటూ ఊహించుకుని చదువుతుంది. రెండు లిపులూ దగ్గరివే కాబట్టి చాలావరకు తగులుతుంది, తలకట్టు దగ్గర తడబడుతుంది. పదో తరగతికి రెండేళ్ల ముందు దీన్ని కదిలించడమేమిటి? ఈ ప్రశ్న నోట్‌బుక్‌లో లేనేలేదు. మేమిద్దరం వానలు, గుట్టలు కొలుచుకుంటూ కూర్చున్నాం.

రాత్రి గిన్నెలు కడుగుతుంటే ట్యాంకర్ అతని మాట మళ్లీ గుర్తొచ్చింది. హిందూపురం మేం ఎప్పుడు చూశాం? డిసెంబర్‌లో. లేపాక్షి నంది మీద సాయంత్రపు ఎండ పడుతుంటే ఫోటోలు తీసుకుని, చలికి శాలువా కప్పుకుని వచ్చాం. మా ఊరు వెళ్లేది సంక్రాంతికి. అమ్మ అరిసెలు వండుతుంది, ఉక్కపోత ఉండదు. పెళ్లిచూపుల్లో పిల్ల కనిపించినట్టే కనిపించాయి రెండు ఊళ్లూ. నీళ్లు ఎన్ని రోజులకొకసారి వదులుతారో, రాత్రి రెండింటికి ఫ్యాన్ గాలి ఎలా ఉంటుందో తెలియదు. అత్తయ్యకి గుండె డాక్టరు కావాలంటే ఎంత దూరం పరుగెత్తాలో కూడా తెలియదు. గుట్టలు అందంగా ఉన్నాయి సరే, మేలో వాటి రాయి ఎంతసేపటికి చల్లారుతుంది?

ఈయనతో అదే అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి రైళ్లు చూశారు. విచిత్రమేమిటంటే మా రెండు ఊళ్లనీ కలిపే బండి ఒకటుంది, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్. పదిహేనేళ్లుగా ఎక్కుతున్నా ఇలా ఎప్పుడూ తోచలేదు. మే రెండోవారం హిందూపురంలో వారం రోజులు, అక్కడే ప్రశాంతి ఎక్కి విజయనగరంలో ఇంకో వారం. రెండుచోట్లా ఏసీ వేయకూడదని నా షరతు. "మీ అమ్మగారింట్లో కూడానా?" అన్నారు. కూడానే అన్నాను.

ఇంటి ఓనరుకి మాత్రం "సరే" అని మెసేజ్ పెట్టేశాం. ఇంకో పదకొండు నెలలు. ట్యాంకర్ అతని నంబర్ ఫ్రిజ్ మీద అతికించాను.