యూ-570కి జెండా మార్చాను: నా అనుభవం

జర్మన్ సబ్‌మెరైన్ కిట్ తెప్పించుకుని బ్రిటిష్ నేవీ మోడల్ చేస్తున్నానంటే తోటి మోడలింగ్ పిచ్చోళ్ళు పగలబడి నవ్వారు. కానీ అలాంటిది నిజంగానే ఉండేది. యూ-570గా పుట్టి, హెచ్‌ఎంఎస్ గ్రాఫ్‌గా పోయింది.

1941 ఆగస్టు 27న, మొదటి యుద్ధయాత్రలోనే, అది ఐస్‌లాండ్‌కి దక్షిణాన నీటి పైకి తేలింది. తేలడం కూడా సరిగ్గా బ్రిటిష్ హడ్సన్ విమానం కిందే! నాలుగు డెప్త్ చార్జులు, అంటే నీళ్ళలో పేలే బాంబులు, పడ్డాయి. సిబ్బందిలో చాలామంది కొత్తవాళ్ళు, పైగా సముద్రం పడక వాంతులు. రామ్‌లో అనే కెప్టెన్ తెల్లగుడ్డ ఊపించాడు. బ్రిటిష్‌వాళ్ళు దాన్ని ఐస్‌లాండ్ ఒడ్డుకి లాక్కొచ్చి, తర్వాత ఇంగ్లండ్‌లోని బారో రేవులో బాగుచేసి, గ్రాఫ్ అని పేరు పెట్టి, తమ సిబ్బందిని ఎక్కించారు.

ఇక నా బారో, మా విశాఖ ఇంట్లో బాల్కనీ. అసలుది 67 మీటర్లు, నాది 144వ వంతు, అంటే 46 సెంటీమీటర్ల పైచిలుకు. బాడీ రెండు ముక్కలూ అతికించడం, పుట్టీ, ఎమరీ పేపరు, ప్రైమరు... మూడు ఆదివారాలు పట్టింది, చెప్పుకోవడానికేం లేదు. కిట్‌లోని జర్మన్ డెకాల్స్‌లో (నీళ్ళలో నానబెట్టి అంటించే స్టిక్కర్లు) ఒక్కటీ పనికిరాలేదు. పి715 అన్న గ్రాఫ్ నంబరు ప్రింటు తీయించి నీళ్ళలో నానబెట్టాను. మొదటిది వేలికే అంటుకుని చుట్టుకుపోయింది. రెండోది నిలిచింది.

అసలు టెన్షన్ పెరిస్కోప్ దగ్గర. ట్వీజర్స్‌లోంచి టిక్కుమని ఎగిరి బాల్కనీ తూములో పడింది. అమ్మినవాళ్ళకి రాస్తే "విడి పార్టులు ఇవ్వము, కిట్ మొత్తం కొనుక్కోండి" అని జవాబు. ఇంజెక్షన్ సూది కోసి, సానబట్టి, చివర చుక్క జిగురు పెట్టి పెరిస్కోప్ అనిపించాను.

గ్రాఫ్‌కీ అదే తిప్పలు. దాని స్పేర్ పార్టులు ఎక్కడ దొరుకుతాయి? శత్రువు ఫ్యాక్టరీలో! ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ లోపల గోడ కనబడకుండా ఉండే గేజీలు, వాల్వులు చూశాను కాబట్టి ఆ ఇబ్బంది ఊహించగలను. ఒక్కో వాల్వు మీదా జర్మన్ అక్షరాలే ఉంటే?

అయినా పని చేసింది. అది ఎంత లోతుకి దిగగలదో తెలిశాకే బ్రిటిష్‌వాళ్ళు తమ డెప్త్ చార్జులు పేలే లోతు పెంచుకున్నారు. 1942 అక్టోబరులో స్పెయిన్ తీరం దగ్గర యూ-333 అనే జర్మన్ సబ్‌మెరైన్ మీద టార్పెడోలు కూడా వదిలింది. రెండూ ఒకే రకం, టైప్ 7సీ; అంటే సొంత చెల్లెలి మీదే. పేలుళ్ళు వినబడ్డాయి, ముంచేశాం అనుకున్నారు. చెల్లెలు మాత్రం క్షేమంగా ఇల్లు చేరింది. చివరికి స్పేర్లు లేకే గ్రాఫ్‌ని పక్కన పెట్టేశారు.

మొన్న మా మేనల్లుడు వచ్చి, అద్దాల బీరువాలో దాన్ని చూసి అడిగాడు.

"మామయ్యా, దీన్ని చివరికి ఎవరు ముంచారు? జర్మన్లా, బ్రిటిష్‌వాళ్ళా?"

"ఎవరూ కాదురా. 1944 మార్చిలో తుక్కు కింద కొట్టేయడానికి కట్టి లాక్కెళ్తుంటే తాడు తెగి, స్కాట్లండ్‌లో ఐలా దీవి రాళ్ళ మీదికి కొట్టుకుపోయింది."

"అంతేనా?" అన్నాడు, బాగా నిరాశపడిపోయి.