బస్సు ఎక్కనివాళ్ళ బస్సు

ఇవాళ సాయంత్రం ట్రాన్సిట్ బోర్డు (మా ఊరి బస్సుల్ని నడిపే బోర్డు) మీటింగు. ఆఫీసు కాల్స్ అన్నీ మూడింటికల్లా ముగించేసి, శుక్రవారం పెట్టిన ప్యాకెట్ (ఎజెండా, దాని కాగితాలు) మళ్ళీ ముందేసుకుని కూర్చున్నా. కాలిఫోర్నియాలో బ్రౌన్ యాక్ట్ అని ఒక చట్టం ఉంది, 1953 నాటిది, మామూలు మీటింగుకి 72 గంటల ముందే ఎజెండా అందరికీ కనపడేలా పెట్టాలి. నేను బోర్డులో జనం తరఫున కూర్చున్న మనిషిని, ఇంజనీర్ని కాదు, లాయర్ని కాదు, కాబట్టి ఆ 72 గంటలే నా బలం.

విషయం ఏంటంటే మా ఈస్ట్ బేలో (శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు వైపు) ఇళ్ళ మధ్య నుంచి పోయే ఒక బస్సు లైనుని సాయంత్రం ఏడింటికే ఆపేద్దామని, ఆదివారం పూర్తిగా తీసేద్దామని ప్రతిపాదన. ఎక్కేవాళ్ళు తక్కువ, కోవిడ్ అప్పుడు ఫెడరల్ గవర్నమెంటు ఇచ్చిన డబ్బులు అయిపోతున్నాయి, సగం మంది ఇంటి నుంచే పని. స్టాఫ్ చెప్పేది అబద్ధం కాదు, రాత్రి పూట ఆ బస్సు దాదాపు ఖాళీగానే తిరుగుతుంది, నేనూ ఎక్కి చూశాను.

కానీ ఆ బస్సు ఎక్కనివాళ్ళు కూడా దాని మీదే బతుకుతున్నారు. 1990లో వచ్చిన ఏడీఏ (వైకల్యం ఉన్నవాళ్ళ హక్కుల చట్టం) ప్రకారం వైకల్యం వల్ల మామూలు బస్సు ఎక్కలేనివాళ్ళకి ప్యారాట్రాన్సిట్ వ్యాను ఇవ్వాలి, ముందురోజు ఫోన్ చేసి చెప్తే వస్తుంది, టికెట్ బస్సు చార్జీకి రెండింతలు దాటకూడదు. అయితే చట్టం తప్పనిసరి చేసింది బస్సు లైనుకి అటూ ఇటూ ముప్పావు మైలు లోపలే, అదీ ఆ బస్సు తిరిగే రోజుల్లో, తిరిగే గంటల్లోనే. అంటే మ్యాపు మీద ఒక గీత చెరిపితే దాని పక్కనున్న వీధుల్లో వ్యాను కూడా పోయినట్టే. ఆ ప్యాకెట్లో దీని గురించి ఒక్క ముక్క లేదు. టైటిల్ సిక్స్ రిపోర్ట్ (పౌరహక్కుల చట్టం కింద, ఈ మార్పు ఎవరి మీద ఎక్కువ పడుతుందో చూసేది) మాత్రం శ్రద్ధగానే పెట్టారు, కానీ అందులో చూసేది జాతి, ఆదాయం, వైకల్యం ఆ లెక్కలోకే రాదు.

నాలుగింటికి పిన్నిగారు ఫోన్ చేశారు (సొంత పిన్ని కాదు, మా వీధి చివర కొడుకు దగ్గర ఉంటారు, గుంటూరు వైపువాళ్ళు). సోమ, బుధ, శుక్రవారాలు డయాలిసిస్, సాయంత్రం షిఫ్టు, అయ్యేసరికి ఎనిమిది దాటుతుంది. "ఏమ్మా, బస్సు ఆపేస్తే నాకేంటి, నేనెక్కేది వ్యాను కదా" అన్నారు. మెల్లగా విడమరిచి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే నేనూ వస్తా మీటింగుకి" అన్నారు.

వచ్చారు, కోడలు వీల్‌చెయిర్ తోసుకుంటూ. మాట్లాడటానికి మనిషికి రెండు నిమిషాలు, కానీ అనువాదం మీద మాట్లాడేవాళ్ళకి కనీసం రెట్టింపు టైము ఇవ్వాలని ఆ బ్రౌన్ యాక్ట్‌లోనే ఉంది, కాబట్టి ఆవిడకి నాలుగు. నేను బోర్డు మెంబరుగా కూర్చున్నా కాబట్టి ఆవిడ మాట నేను అనువదించకూడదు, ఫోన్లో ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టారు. "నేను మీ బస్సు ఎప్పుడూ ఎక్కలేదు బాబూ, ఎక్కలేను. మీ బస్సు ఉందనే నా వ్యాను వస్తోందంట. ఆస్పత్రికి తీసుకెళ్ళి, వచ్చేటప్పుడు లేదు పొమ్మంటే నేనెక్కడ కూర్చోవాలి రాత్రంతా?" అంతే, నాలుగు నిమిషాలు కూడా వాడుకోలేదు. ఆవిడ తర్వాత గురుద్వారా నుంచి వచ్చిన ఒక పెద్దాయన పంజాబీలో దాదాపు ఇదే మాట చెప్పారు.

ఈ ప్రాంతంలో ఇలా అడగటం కొత్త కాదు. 1960ల్లో బార్ట్ (ఈ ప్రాంతపు లోకల్ రైలు) స్టేషన్ల ప్లాన్లు గీస్తున్నప్పుడు హెరాల్డ్ విల్సన్ అని కైజర్ కంపెనీలో పనిచేసే ఒకాయన, వీల్‌చెయిర్‌లో ఉండేవాడు, ఏ పదవీ లేదు, నాలాంటివాళ్ళం ఎలా ఎక్కాలి అని పట్టువదలకుండా అడిగీ అడిగీ లిఫ్టులు పెట్టించాడు. ఇప్పుడు పిల్లల స్ట్రోలర్ తోసేవాళ్ళు, సూట్‌కేసులతో ఎయిర్‌పోర్టుకి పోయేవాళ్ళు అందరూ ఆ లిఫ్టే ఎక్కుతున్నారు.

నా వంతు వచ్చినప్పుడు ఒకటే అడిగాను: ఏడు తర్వాత, ఆదివారాల్లో ఆ లైను పక్కన ఎంతమందికి వ్యాను పోతుందో మ్యాపుతో చూపించండి, అది చూడకుండా ఓటు వెయ్యలేం. చట్టం చెప్పింది కనీసం మాత్రమే, అంతకంటే ఎక్కువ ఇవ్వొద్దని ఎక్కడా లేదు, ఇప్పటికే వ్యాను వాడుతున్నవాళ్ళకి కొనసాగిస్తామని బోర్డే ఒక పాలసీ పెట్టుకోవచ్చు. దానికి డబ్బు ఎక్కడ్నుంచి అని ఒక మెంబరు గట్టిగానే అడిగారు, న్యాయమైన ప్రశ్నే, వ్యాను ట్రిప్పు బస్సు ట్రిప్పు కంటే చాలా ఖరీదు. ఖర్చు లెక్క కూడా తెమ్మన్నాం. ఒక్క ఓటు తేడాతో వచ్చే నెలకి వాయిదా పడింది.

గెలిచామని కాదు, వచ్చే నెల మళ్ళీ ఇదే గొడవ. ఇంట్లో అమ్మానాన్నలు, అత్తమామలు ఆ వ్యాను వాడుతుంటే దయచేసి తీసుకురండి. ఇంగ్లీషు రాదని ఆగొద్దు, ఇంటర్‌ప్రెటర్ కావాలని రెండు మూడు రోజుల ముందు బోర్డు క్లర్క్ ఆఫీసుకి చెప్పండి, తెలుగులోనే మాట్లాడించండి.