అమ్మతో బాండై శిల్పాలు చూసొచ్చాను, పొద్దున్నే

ఇంటికొచ్చి కాఫీ కూడా తాగాను గానీ కోపం దిగలేదు. సిడ్నీలో మనవాళ్ళు చాలామంది ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలని అక్కడికి తీసుకెళ్తుంటారు కదా, వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

బాండై బీచ్ నుంచి తమరామా బీచ్ వరకు సముద్రం పక్కనే రెండు కిలోమీటర్ల కాలిబాట మీద అక్టోబరు చివర్లో దాదాపు వంద శిల్పాలు పెడతారు. పేరు స్కల్ప్చర్ బై ది సీ. డేవిడ్ హ్యాండ్లీ అనే ఆయన 1997లో మొదలుపెట్టారు. టికెట్ లేదు.

మా అమ్మది బాపట్ల. కార్తీకమాసం వస్తే సూర్యలంకలో సముద్రస్నానం చేయాల్సిందే. ఈ ఏడు నా దగ్గర ఉండిపోయింది కాబట్టి, నీళ్ళలో దిగకపోయినా సముద్రం మీద పొద్దుపొడుపు చూపించు చాలు అంది. ఇక్కడ అక్టోబరు మొదటి ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుపుతారు కాబట్టి ఇప్పుడు సూర్యోదయం ఆరింటికి కాస్త అటూ ఇటూ. రోడ్డు ఖాళీ, పార్కింగ్ దొరికింది. ఐస్‌బర్గ్స్ ఈతకొలను దాటాక మెట్లు మొదలవుతాయి, అమ్మ మోకాళ్ళతో నెమ్మదిగా ఎక్కాం.

మెకెంజీస్ పాయింట్ అనే కొండకొమ్ము దగ్గరికి వచ్చేసరికి ఫొటోలు తీసేవాళ్ళ ట్రైపాడ్లు వరసగా పెట్టి ఉన్నాయి. వాటి ముందు మనిషికి రెండింతల ఎత్తు స్టీలు వలయం. దాని మీద ఉప్పు తుంపరలు ఎండి తెల్లటి మచ్చలు కట్టాయి, అడుగున ఇనప పలకని బోల్టులతో బిగించారు. అమ్మ దానికి నాలుగడుగుల దూరంలో ఆగి, చెప్పులు విప్పి, సాక్సులు కూడా తీసేసి, చల్లటి బండ మీద నిలబడి తూర్పుకి చేతులు జోడించింది. సూర్యుడి పన్నెండు నామాలు చదువుతోంది. సగం కూడా అయ్యుండవు, వెనక నుంచి ఒకాయన అరిచాడు, ఫ్రేములో నుంచి తప్పుకోమని. అమ్మకి ఇంగ్లీషు రాదు. తననేదో అడుగుతున్నాడనుకుని తిరిగి నవ్వింది. ఆయన కోళ్ళని అదిలించినట్టు చేత్తో అదిలించాడు. అది మాత్రం ఏ భాషవాళ్ళకైనా అర్థమవుతుంది. చదివేది ఆపేసి, సాక్సులు చేత్తో పట్టుకుని, చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా దూర్చకుండానే పక్కకి జరిగింది.

ఇది అందరి దారి, మా అమ్మ ప్రార్థన చేస్తోంది, రెండు నిమిషాలు ఆగండి అన్నాను. నాలుగింటి నుంచీ కాచుకుని ఉన్నానన్నాడు. పక్కన అంతమంది ఉన్నారు, ఒక్కరూ నోరు మెదపలేదు. అమ్మే నా చెయ్యి లాగి, "పోనీలేవే, వాడి పని వాడిది" అంది. నాకు ఏడుపొచ్చింది. డెబ్బై దాటిన మనిషి, దేన్నీ ముట్టుకోలేదు, ఎవరికీ అడ్డం పడాలని నిలబడలేదు. శిల్పాన్ని గ్యాలరీలో కాకుండా గాలిలో, జనం నడిచే చోట పెట్టారంటే దాని పక్కన జనం ఉంటారనే కదా. సూర్యోదయాన్ని ముందొచ్చినవాళ్ళు రిజర్వు చేసుకుంటారా? నాలుగింటికి వచ్చినా, ఆరింటికి వచ్చినా అక్కడ హక్కు ఒకటే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ తర్వాత మా అమ్మ ప్రతి శిల్పం వెనక్కీ వెళ్ళి చూసింది. అతుకు ఎక్కడుంది, ఇంత గాలికి ఎలా ఆగుతోంది అని నన్ను అడిగింది. ఆ ట్రైపాడ్ల వాళ్ళలో ఒక్కరైనా వెనక్కి వెళ్ళడం నేను చూడలేదు. మిగిలిన నామాలు మార్క్స్ పార్కులో చదువుకుంది, అక్కడ ఎవరూ ఏమీ అనలేదు.

పెద్దవాళ్ళతో వెళ్తే నేరుగా ఆ పార్కుకే వెళ్ళండి. కెన్నెత్ స్ట్రీట్ వైపు నుంచి వెళ్తే ఆ మెట్ల బాధ ఉండదు, పెద్ద గడ్డి మైదానం, శిల్పాలు చాలా అక్కడే ఉంటాయి, సముద్రమూ కనిపిస్తుంది. ఫొటోల కోసం పొద్దు పొడిచే నిమిషానికే పరిగెత్తక్కర్లేదు, అరగంట ఆగితే స్టీలు మీదా రాయి మీదా వెలుగు ఇంకా బాగా పడుతుంది, ట్రైపాడ్లు కూడా సర్దేస్తారు. గాలి చల్లగా కొడుతుంది, చీర మీదకి స్వెటర్ ఉండాల్సిందే. శనాదివారాలు మాత్రం వద్దు, ఎండ ఎక్కేసరికి ఆ సన్నదారిలో కదలడానికి ఉండదు.