తొట్టిలో మైకు

రేపు రాత్రి తాడిపత్రిలో రైలెక్కి చెన్నై, అక్కడి నుంచి విమానంలో కొలంబో, మళ్లీ బస్సులో ట్రింకోమలీ. రేవులో 12 మీటర్ల తెరచాప పడవ ఉంటుంది. ఆరుగురం, మూడు వారాలు. స్పెర్మ్ తిమింగలాల చప్పుళ్లు రికార్డు చేయడం పని. జీతమెంత అని వీధిలో అందరూ అడిగారు. భోజనం పెడతారని చెప్పాను. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు.

పెన్నలో మోకాలి లోతు నీళ్లు పారితే వంతెన మీద గుంపుగా నిలబడి చూసే ఊరు మాది. ఈత నేర్చుకున్నది కూడా దిగుడు బావిలో, నడుముకు ఎండు సొరబుర్రలు కట్టుకుని. తిరుమల ఘాట్ రోడ్డులోనే వాంతులు చేసుకునే దాన్ని సముద్రం మీద ఏమవుతానో తలచుకుంటే కడుపులో తిప్పుతుంది. అమ్మ అల్లం మురబ్బా ఒక డబ్బా, చెనక్కాయల పొడి రెండు డబ్బాలు కట్టింది. "అంత పెద్ద చేప పడవను బోర్లా వేయదా?" అని నాలుగోసారి అడిగింది. చేప కాదని చెప్పడం మానేశాను. తిమి అనే పెద్ద చేపను మింగేది తిమింగిలం అని మన పెద్దలే పేరు పెట్టారు కదా, అమ్మను అని ఏం లాభం?

ఇంజను పడవ ఎందుకు కాదంటే, మేము వెళ్లేది వినడానికి. మర తిరిగితే నీళ్లలో దాని మోత తప్ప ఇంకేమీ వినిపించదు. నీటిలో పనిచేసే మైకు 100 మీటర్ల తీగకు కట్టుకుని పడవ వెనక ఈడ్చుకుపోతాం. పావుగంటకొకసారి, రాత్రయినా సరే, ఒకరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిమిషం పాటు విని పుస్తకంలో రాయాలి. తిమింగలం ముప్పావు గంట దాకా లోతులోనే ఉండి టక్ టక్ మంటూనే ఉంటుంది. ఆ చప్పుడు ఆగిందంటే పైకి వస్తున్నట్టు. పది నిమిషాలు ఊపిరి తీసుకుని మళ్లీ మునిగేటప్పుడు తోక పైకి లేస్తుంది. అప్పుడు ఫొటో తీయాలి. తోక అంచున ఉన్న గాట్లే దాని గుర్తింపు కార్డు.

పాతకాలపు నావికులు దీన్ని వడ్రంగి చేప అనేవారట, సుత్తి దెబ్బల్లా వినిపిస్తుందని. నేను మొదటిసారి రికార్డింగు విన్నప్పుడు నాకు మా ఊరి బండల పని గుర్తొచ్చింది. పొద్దున్నే ఉలి మీద పడే దెబ్బ, కాస్త ఆగి ఇంకోటి. ఆ లయ చెవిలో ఉండబట్టే ఈ పనిలోకి వచ్చానేమో.

హిందూ మహాసముద్రాన్ని తిమింగలాల అభయారణ్యంగా ప్రకటించింది 1979లో. ఆ తర్వాత 1982 నుంచి 1984 దాకా 'తులిప్' అనే చిన్న తెరచాప పడవలో పరిశోధకులు ఇదే శ్రీలంక నీళ్లలో తిరిగారు. ట్రింకోమలీ దగ్గర సముద్రం అడుగున లోయ తీరానికి దగ్గరగా వస్తుంది. లోతు నీళ్లకోసం దూరం పోనక్కర్లేదు.

చప్పుడు విని తిమింగలం పొడవు ఎలా చెబుతారని నాన్న అడిగాడు. చెప్పాను: ముక్కు దగ్గర పుట్టిన టక్కులో కొంత నేరుగా బయటికి పోతుంది. కొంత తలలోని నూనె సంచి గుండా వెనక్కి వెళ్లి, పుర్రె ముందున్న గాలి తిత్తికి తగిలి మళ్లీ ముందుకు వస్తుంది. అందుకని ఒక్క టక్కులోనే చిన్న చిన్న టక్కులు రెండు మూడుంటాయి. వాటి మధ్య ఎడం కొన్ని మిల్లీసెకన్లే. చెవికి అందదు, కంప్యూటర్ తెర మీద గీతలుగా కనిపిస్తుంది. ఎడం పెరిగితే తల పెద్దది, తల పెద్దదైతే ఒళ్లూ పెద్దదే.

నాన్న కాసేపు ఆలోచించి, "బోరులో రాయి వేసి చూడటమే కదా" అన్నాడు.

అంతే మరి. నా చిన్నప్పుడు ఆయన బోరు గొట్టంలో గులకరాయి జారవిడిచి, నోటికి వేలు అడ్డంపెట్టి నన్ను మాట్లాడవద్దనేవాడు. ఒకటి, రెండు, మూడు, బుడుంగ్. మూడు సెకన్లంటే 130 అడుగులు. తర్వాత వేసిన బోర్లలో లెక్క పెరిగింది. చివరిదానిలో రాయి వేసి చాలాసేపు వంగి ఉన్నాడు. బుడుంగుమనలేదు. ఎక్కడో మట్టి మీద పడినట్టుంది.

ఈ పొద్దున నా చిన్న మైకు పనిచేస్తుందో లేదో చూద్దామని ఎనుము నీళ్లు తాగే తొట్టిలో వేశాను. సంచీలోంచి తీసింది మొదలు నాన్న వెంటే ఉన్నాడు. ఇంతలో ఎనుము వచ్చి మూతి పెట్టింది. హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు తగిలించాను. ముందు ఉలిక్కిపడ్డాడు, తర్వాత కళ్లు మూసుకున్నాడు. "గొంతులో దిగేది కూడా వినిపిస్తోంది పాపా" అని గట్టిగా అరిచాడు, తనకు వినిపించేది మాకూ వినిపిస్తున్నట్టు. తాగడం అయిపోయి ఎనుము వెళ్లిపోయింది. ఆయన లేవలేదు, తొట్టి గట్టును వేలితో కొట్టి చూసుకుంటూ కూర్చున్నాడు. నేను ఇంకా సంచీ సర్దుకోవాలి, హెడ్‌ఫోన్లు ఆయన దగ్గరే ఉన్నాయి.