ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తేమ తేలుతుందా?

ఈ వేసవిలో గుంటూరు యార్డుకు మిర్చి తెచ్చిన మా మేనమామ, వ్యాపారి చేతిలోని తేమ మీటరు వంక అనుమానంగా చూస్తూ, "మీ ల్యాబులో అంత పెద్ద మైక్రోస్కోపు ఉందంటావుగా, అందులో పెడితే కాయలో తేమెంతో నిక్కచ్చిగా తేలదట్రా?" అని అడిగారు. తేలదని చెప్పడం తేలికే గాని, ఎందుకు తేలదో చెప్పడానికి టీ కొట్టు దగ్గర అరగంట పట్టింది.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వెలుగుకు బదులు ఎలక్ట్రాన్లతో నమూనాను చూస్తుంది. మామూలు రకంలో ఆ ఎలక్ట్రాన్లు గాలి అణువులకు తగిలి చెదిరిపోకుండా, లోపలి పీడనాన్ని బయటి గాలి పీడనంలో కోటి వంతుకంటె తక్కువకు దించుతారు. ఆ శూన్యంలో నీరు నిలవదు కనుక, తడి కాయను పెట్టినా మనకు కనిపించేది ఎండిన కాయే. పోనీ, ఎలక్ట్రాన్లు తగిలినప్పుడు నమూనా విడిచే ఎక్స్-కిరణాలతో మూలకాలను గుర్తిద్దామంటే, ఒకే ఎలక్ట్రాను ఉన్న హైడ్రోజన్ తన గుర్తు చెప్పే ఎక్స్-కిరణాన్ని ఇవ్వదు. ఆక్సిజన్ కనిపించినా అది నీటిదో, కాయ పీచుదో విడదీయలేము.

ఆస్ట్రేలియాలో డానిలాటోస్ అనే శాస్త్రవేత్త 1970ల చివర రూపొందించడం మొదలుపెట్టిన ఎన్విరాన్మెంటల్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఈ చిక్కును కొంత విప్పింది. అందులో నమూనా ఉండే గదిలోకి నీటి ఆవిరిని వదలవచ్చు. నమూనాను 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర చల్లగా ఉంచి, ఆవిరి పీడనాన్ని దాదాపు 870 పాస్కల్స్‌కు చేర్చితే నీరు ద్రవంగానే నిలుస్తుంది. 650 పాస్కల్స్‌కు దించితే నమూనా చుట్టూ ఉండే సాపేక్ష తేమ (కాయలోని తేమ కాదు) సుమారు 75 శాతం. ఉప్పు పలుకు అంచులు కరిగి గుండ్రబడడం మొదలయ్యేది ఆ దరిదాపుల్లోనే. నేను మిరప తొక్కను కూడా (తుమ్ములు ఆపుకొంటూనే కోసి) అలా చూశాను: మైనపు పొర ఉన్న పై తొక్క మీద నీరు ముత్యాల్లా నిలబడింది, చిరిగిన అంచు మీద మాత్రం పరచుకుపోయింది. నీరు ఎక్కడ చేరుతోందో, చుట్టూ ఎంత తేమ ఉంటే చేరుతోందో ఆ యంత్రం చెబుతుంది, కాయలో నీరు ఎంత శాతమో చెప్పదు.

ఎండుమిర్చిలో తేమ 11 శాతం మించకూడదని నిబంధన. ఓవెన్‌లో ఆరబెట్టి తూచితే, ఆవిరయ్యే నూనెలు కూడా నీటి లెక్కలో పడతాయి. అందుకే మిరపపొడిని టోలీన్ అనే ద్రావకంలో మరిగించి, ఆవిరితో వచ్చిన నీరు గీతల గొట్టం అడుగున చేరాక కొలుస్తారు. యార్డులోని మీటరు విద్యుత్ గుణాన్ని బట్టి అంచనా మాత్రమే వేస్తుంది. కాయలను వదులుగా పోస్తే ఒక అంకె, అదిమి పోస్తే మరొకటి.

ఆ చివరి మాట విన్నదే తడవు, మామయ్య టీ గ్లాసు అక్కడే వదిలేసి మీటరు దగ్గరికి నడిచారు.